ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు పట్టుకోడానికి ఏం కొనాలి? యాంగిల్ గేజ్, ఫోన్ యాప్, డయల్ గేజ్, బ్యాలెన్సింగ్ సర్వీసు: ఒక సమీక్ష

పాత కారుకి వేరే ఇంజిన్, వేరే గేర్‌బాక్స్ ఎక్కించాక 80 దాటగానే సీటు కింద అదురు మొదలైతే, ఎక్కువమంది మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తిని చేరవేసే ట్యూబు) విప్పి బ్యాలెన్సింగ్‌కి పంపేస్తారు. వరుసలో అన్నిటికన్నా చివర చేయాల్సిన పని అది. డ్రైవ్‌ట్రైన్ మార్చినప్పుడు గేర్‌బాక్స్ వెనక కొస ఎత్తు మారుతుంది, దాని వాలు మారుతుంది, ఇంజిన్ కాస్త పక్కకి జరుగుతుంది, షాఫ్ట్ పొడవు మారుతుంది, ఫ్లాంజ్‌కి (షాఫ్ట్ కొస బోల్టులతో బిగిసే చదును పళ్ళేనికి) అడాప్టర్ వస్తుంది. ఇన్ని మార్పుల్లో బ్యాలెన్సింగ్ మిషన్‌కి కనబడేది షాఫ్ట్ ఒక్కటే. అది కూడా కారులో కాదు, మిషన్ మీద ఉన్నప్పటి సంగతి.

అందుకే ఈ పనికి దొరికే సాధనాలన్నిటినీ ఒకే ప్రశ్నతో చూడాలి: ఇది దేన్ని చూపిస్తుంది, దేన్ని చూపించలేదు? ఒక్కటే కొనగలిగితే అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ కొనండి. రెండోది డయల్ గేజ్, తిరిగే భాగం ఎంత వంకరగా ఊగుతోందో ముల్లుతో చూపేది. ఫోన్ యాప్ పనికొస్తుంది గానీ దాని హద్దు తెలియకపోతే తప్పుదారి పట్టిస్తుంది.

ఏ సాధనమైనా తీసే ముందు కాగితం మీద ఒక లెక్క ఉండాలి. 205/70 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.04 మీటర్లు నడుస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకి 13.6 చుట్లు, అంటే దాదాపు 14 హెర్ట్జ్. డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.55 అయితే షాఫ్ట్ 48 హెర్ట్జ్, అంటే 2,900 ఆర్‌పీఎం. అదురు 14 దగ్గరుంటే టైరు, రిమ్ము, హబ్బు. 48 దగ్గరుంటే షాఫ్ట్ బరువు తేడా, వంకర ట్యూబు, లేదా కేంద్రం తప్పిన ఫ్లాంజ్. దానికి రెట్టింపు, 97 దగ్గరుంటే యూనివర్సల్ జాయింట్ (షాఫ్ట్ వంగి తిరగనిచ్చే కీలు) కోణాలు, యోకుల (ఆ కీలు కవల కొమ్ముల) వరస తప్పడం, బిగుసుకుపోయిన క్రాస్ (యోకుల్ని కలిపే ప్లస్ ఆకారపు ముక్క). జాయింట్ వంగి తిరిగితే ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది కాబట్టే ఆ రెట్టింపు.

ఇక్కడో చిక్కుంది. డైరెక్ట్ గేరులో ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి, కాబట్టి 48 ఎవరిదో తేలదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే చుట్టుకి రెండు ఫైరింగులు, అంటే 97 కూడా ఇద్దరికీ ఉమ్మడే. అదే 100 వేగంలో 0.8 నిష్పత్తి ఉన్న ఐదో గేరు వేయండి. ఇంజిన్ 39కి దిగుతుంది, ఫైరింగ్ 77కి దిగుతుంది, షాఫ్ట్ మాత్రం 48, 97లోనే ఉంటుంది. అదురు గేరుతో పాటు జరిగితే ఇంజిన్ వైపు, జరగకపోతే షాఫ్ట్ వైపు. న్యూట్రల్‌లో వదిలి చూడడం కూడా మంచి పరీక్షే, కానీ ఇంజిన్ ఆపేయకూడదు. స్టీరింగ్ లాక్ పడొచ్చు, బ్రేకు బూస్టర్ బలం పోతుంది.

ఇంజిన్ వైపని తేలితే ఈ సాధనాలన్నీ పక్కన పెట్టి ఫ్లైవీల్ ఏ ఇంజిన్‌దో చూడాలి. ఫోర్డ్ 302లో పాత ఇంజిన్లకి 28 ఔన్స్-అంగుళాల బరువు తేడా ఉన్న ఫ్లైవీల్, 1980ల మొదట్లో మారినప్పటి నుంచి 50 ఔన్స్-అంగుళాలది. షెవర్లే 350లో 1986 నుంచి వచ్చిన ఒకే ముక్క వెనక సీల్ ఇంజిన్లకి ఫ్లైవీల్‌లోనే బరువు తేడా ఉంటుంది, అంతకు ముందువాటికి ఉండదు. చేతికి దొరికిన ఫ్లైవీల్ బిగిస్తే షాఫ్ట్‌ని ఎంత సరిచేసినా అదురు పోదు. నిలబెట్టిన బండిలో న్యూట్రల్‌లో రేజ్ చేసినా అదే ఆర్‌పీఎం దగ్గర వణికితే ఇటే చూడాలి.

ఇక ఫోన్ యాప్. సీటు పట్టా మీదో, ట్రాన్స్‌మిషన్ టన్నెల్ మీదో ఫోన్‌ని గట్టిగా అదిమి కట్టి స్పెక్ట్రం (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత అదురుందో చూపే గ్రాఫు) గీయించే యాప్‌లు చాలా ఉన్నాయి. చక్రం అదురు, 14 హెర్ట్జ్ లాంటివి, ఇవి చక్కగా చూపిస్తాయి. తిప్పలు పైన వస్తాయి. చాలా ఫోన్లలో యాప్‌కి అందేది సెకనుకి 100 నుంచి 200 రీడింగులే. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి లేని యాప్‌కి 200 దాటనివ్వరు కూడా. సెకనుకి 100 రీడింగులైతే 50 హెర్ట్జ్ దాటినదేదీ నిజమైన చోట కనబడదు. 97 హెర్ట్జ్ అదురు తెర మీద 3 హెర్ట్జ్ దగ్గర గీతగా ప్రత్యక్షం కావచ్చు. అది చూసి సస్పెన్షన్ ఊగుతోందని షాక్ అబ్జార్బర్లు మార్చేస్తే డబ్బు దండగ.

నకిలీ గీతని పట్టే ఉపాయం తేలిక: వేగం కొద్దికొద్దిగా పెంచుతూ తెర చూడండి (చూసేది పక్కనున్న మనిషి, నడిపేవాళ్ళు కాదు). నిజమైన గీత వేగంతో పాటు పైకి జరుగుతుంది. వేగం పెరుగుతుంటే కిందకి జరిగే గీత నకిలీ. 200 రీడింగులు ఇచ్చే ఫోన్ అయితే 60 కిలోమీటర్ల దగ్గర కొలవండి. అక్కడ షాఫ్ట్ 29, దాని రెట్టింపు 58, రెండూ హద్దులోనే ఉంటాయి. యాప్ కొనే ముందు చూడాల్సింది ఒక్కటే, సెకనుకి ఎన్ని రీడింగులు తీసుకుంటోందో తెర మీద చూపిస్తుందా లేదా. చూపించని యాప్ ఈ పనికి వద్దు.

చిన్న సర్క్యూట్ బోర్డుతో చేయి తిరిగినవాళ్ళకి ఫోన్ కన్నా మంచి దారి ఉంది. ఏడీఎక్స్ఎల్ 345 లాంటి విడి యాక్సెలరోమీటర్ (అదురు కొలిచే చిప్పు) సెకనుకి 3,200 రీడింగుల దాకా ఇస్తుంది, ఇక్కడికి 800 చాలు. దీని అసలు లాభం వేగం కాదు, చోటు. ఒకసారి పినియన్ (షాఫ్ట్ వెనక కొస తిప్పే డిఫరెన్షియల్ గేరు) ముక్కు మీద, ఒకసారి గేర్‌బాక్స్ తోక మీద బోల్టుతో బిగించి, అదే వేగంలో కొలిస్తే ఏ కొస ఎక్కువ కదులుతోందో తెలుస్తుంది. స్పాంజి టేపు మీద అంటిస్తే మాత్రం కొలిచేది టేపు ఊగుడే.

ఇప్పుడు అసలు విషయానికి, యాంగిల్ గేజ్‌కి వద్దాం. అరచేతిలో పట్టే చదరపు డబ్బా, అడుగున అయస్కాంతం, ముందు అంకెల తెర. కొనేటప్పుడు నాలుగు చూడాలి. అడుగున వీ ఆకారపు గాడి ఉండాలి, లేకపోతే గుండ్రటి ట్యూబు మీద నిలవదు. రీడింగ్‌ని ఆపి పట్టే హోల్డ్ బటన్ ఉండాలి, ఎందుకంటే బండి కింద సగం చోట్ల తెర మొహానికి కనబడదు. ఏ వైపు వాలిందో చూపే బాణం గుర్తు ఉండాలి. చివరిది, ఖచ్చితత్వం 0.2 డిగ్రీల్లో ఉండాలి. తెర మీద 0.05 మెట్లు కనబడినంత మాత్రాన అంత ఖచ్చితమని కాదు. పరీక్షించడం సులువు: ఒక చోట పెట్టి చదివి, అక్కడే 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ చదవండి. వాలు అంకె రెండుసార్లూ ఒకటే రావాలి, దిశ మాత్రం తిరగబడాలి. తేడా వస్తే అందులో సగం గేజ్ తప్పు.

కొలిచే పద్ధతిలోనే ఎక్కువ పొరపాట్లు. బండి బరువు టైర్ల మీదే ఉండాలి. ఛాసిస్‌ని పట్టి ఎత్తే లిఫ్టు మీద యాక్సిల్ వేలాడుతుంటే వచ్చే కోణాలకి రోడ్డు మీది కోణాలతో సంబంధం లేదు. గొయ్యి గానీ, చక్రాల మీద నిలబెట్టే లిఫ్టు గానీ, సమానంగా ఎత్తిన నాలుగు ర్యాంపులు గానీ కావాలి. నేల కాస్త వాలుగా ఉన్నా ఇబ్బంది లేదు, మనకి కావలసింది మూడు వాలుల మధ్య తేడాలే. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ ఫ్లాంజ్ మీద, షాఫ్ట్ ట్యూబు మీద, పినియన్ ఫ్లాంజ్ మీద కొలవాలి. పెయింటు, తుప్పు, అండర్‌కోటింగ్ గీకేయాలి, అయస్కాంతం కింద చిన్న పెచ్చు ఉన్నా అర డిగ్రీ పోతుంది. వెల్డింగు మీద, బ్యాలెన్స్ పలక మీద పెట్టకూడదు. ఫ్లాంజ్ ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి అక్కడి రీడింగ్‌ని 90 నుంచి తీసేసి ఇరుసు వాలుగా రాసుకోవాలి. ప్రతి అంకె పక్కనా "వెనక్కి దిగుడు" అనో "వెనక్కి ఎక్కుడు" అనో రాయండి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే సగం లెక్కలు తలకిందులవుతాయి.

ఒక ఉదాహరణ. గేర్‌బాక్స్ 3.5 డిగ్రీలు వెనక్కి దిగుడు, షాఫ్ట్ 6.0 వెనక్కి దిగుడు, పినియన్ ఇరుసు 0.5 వెనక్కి దిగుడు. ముందు జాయింట్ కోణం 2.5, వెనక జాయింట్ 5.5. ముందు జాయింట్ పుట్టించిన వేగం హెచ్చుతగ్గుల్ని వెనక జాయింట్ సరిగ్గా రద్దు చేయాలి, ఇక్కడ చేయలేదు. ఈ హెచ్చుతగ్గులు కోణం వర్గంతో పెరుగుతాయి, కాబట్టి 5.5 డిగ్రీల జాయింట్ 2.5 డిగ్రీలదాని కన్నా దాదాపు ఐదు రెట్లు కుదుపుతుంది. రెండు వర్గాల తేడాకి వర్గమూలం తీస్తే 4.9. అంటే ఈ షాఫ్ట్, ఒకే జాయింట్ 4.9 డిగ్రీల్లో ఒంటరిగా తిరిగినట్టు పనిచేస్తోంది. మూడు దాటనివ్వకూడదు.

దీనికి మందు కమాన్ పట్టీలకీ యాక్సిల్ హౌసింగ్‌కీ మధ్య పెట్టే వాలు షిమ్ము (ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా ఉండే పలక). పినియన్ ముక్కుని 2 డిగ్రీలు లేపితే ఇరుసు వాలు 2.5 అవుతుంది, వెనక జాయింట్ 3.5కి దిగుతుంది. ముందుదానికీ దీనికీ ఇంకా ఒక డిగ్రీ తేడా ఉంది కదా అనిపిస్తుంది. అది కావాలనే ఉంచిన తేడా. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టీలు మెలిక పడి పినియన్ ముక్కు ఒకటి రెండు డిగ్రీలు పైకి లేస్తుంది, అప్పుడు రెండు కోణాలూ కలుస్తాయి. లింకులతో కట్టిన కాయిల్ స్ప్రింగ్ యాక్సిల్ అంతగా లేవదు, దానికి అర డిగ్రీ చాలు. బయల్దేరేటప్పుడు 15 నుంచి 40 వేగంలో గడగడలాడి, తర్వాత సర్దుకునే బండ్లలో చాలావాటి జబ్బు ఈ మెలికే.

షిమ్ములు స్టీలువి తీసుకోండి. అల్యూమినియంవి ఒత్తిడికి నలిగిపోతాయి, యూ బోల్టులు వదులవుతాయి. వెడల్పు పట్టీ వెడల్పుకి సరిపోవాలి, సెంటర్ బోల్టు తల షిమ్ము మందం దాటి హౌసింగ్ గుంతలో కూర్చునేంత పొడవుండాలి. మందం వైపు ఎటు పెట్టాలో చాలామంది తడబడతారు. పట్టీలు హౌసింగ్ పైన ఉంటే ముక్కు లేవడానికి మందం వైపు వెనక్కి ఉండాలి, పట్టీలు హౌసింగ్ కింద ఉంటే మందం వైపు ముందుకి. బిగించి కాస్త దూరం నడిపాక యూ బోల్టులు మళ్ళీ టార్క్ చేసి, కోణాలు మళ్ళీ కొలవాలి.

కోణాన్ని సున్నా చేయాలన్న ఆశ కూడా వద్దు. జాయింట్‌లో అర డిగ్రీ అయినా వంపు ఉండాలి. లేకపోతే సూది బేరింగులు కదలకుండా ఒకే చోట నొక్కుకుని క్రాస్ మీద గాట్లు పెడతాయి. ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే మంచి స్థితి.

యాంగిల్ గేజ్‌కి పెద్ద లోపం ఒకటుంది. పై నుంచి చూస్తే కనబడే పక్కవంపు దానికి తెలియదు. ఇంజిన్ 60 మి.మీ. పక్కకి కూర్చుంటే, 1.3 మీటర్ల షాఫ్ట్‌లో అది 2.6 డిగ్రీలు. నిలువు కోణం 2.5తో కలిస్తే, రెండిటి వర్గాల మొత్తానికి వర్గమూలం 3.6. గేజ్ "బాగుంది" అన్న జాయింట్ నిజానికి హద్దు దాటింది. దీనికి పాత పద్ధతే శరణ్యం: ప్రతి జాయింట్ మధ్య నుంచి తూకపు దారం నేలకి వదిలి చుక్కలు పెట్టి, గీతలు గీసి కొలవాలి. పక్కకి జరగడం తప్పనిసరైతే గేర్‌బాక్స్ ఇరుసు, పినియన్ ఇరుసు పై నుంచి చూసినా సమాంతరంగా ఉండేట్టు ఫౌండేషన్ రబ్బర్లు సర్దాలి. అప్పుడు రెండు జాయింట్లూ పరస్పరం రద్దు చేసుకుంటాయి.

రెండు చివర్ల యోకులూ ఒకే వరసలో లేకపోతే ఈ లెక్కలేవీ పనిచేయవు. మధ్యలో స్ప్లైన్ (పళ్ళున్న జారుడు జోడు) ఉన్న షాఫ్ట్‌ని విప్పి ఒక పన్ను తప్పించి ఎక్కించినా 97 హెర్ట్జ్ అదురు పుడుతుంది. విప్పే ముందు పెయింటుతో గీత పెట్టాలి.

అదురు 48 దగ్గర ఉంటే డయల్ గేజ్ తీయాలి. అయస్కాంతపు స్టాండుతో, 0.01 మి.మీ. మెట్లున్న మామూలు గేజ్ చాలు. ట్యూబుని చేత్తో తిప్పుతూ వెల్డింగు నుంచి 75 మి.మీ. దూరంలో ముల్లు ఊగుడు రెండు చివర్లా 0.25 మి.మీ. లోపు, మధ్యలో 0.38 లోపు ఉండాలి. స్లిప్ యోక్ (గేర్‌బాక్స్‌లోకి జారే కొస) మెడ దగ్గర 0.13. ఇవన్నీ బాగుంటే షాఫ్ట్ విప్పి, ఫ్లాంజ్‌లో షాఫ్ట్ కూర్చునే గుండ్రటి గాడిని కొలవండి. డ్రైవ్‌ట్రైన్ మార్చిన బండ్లలో దొంగ ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. అడాప్టర్ ప్లేటు చేసినవాళ్ళు బోల్టు రంధ్రాలు సరిగ్గా వేసి, కేంద్రంలో కూర్చోబెట్టే గాడిని వదులుగా వదిలేస్తారు. బోల్టులు బిగిస్తాయే గానీ కేంద్రంలో కూర్చోబెట్టవు.

ఆ వదులు విలువెంతో చూడండి. 9 కిలోల షాఫ్ట్‌లో ఒక కొస మోసేది 4.5 కిలోలు. ఆ కొస కేంద్రం నుంచి 0.25 మి.మీ. తప్పితే 1,125 గ్రాము-మిల్లీమీటర్ల అసమతూకం. ఐఎస్ఓ జీ16 ప్రమాణం ప్రకారం 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇదే షాఫ్ట్‌కి ఒక్కో కొసలో మిగలనిచ్చేది సుమారు 172. మిషన్ మీద ఎంత శ్రద్ధగా బ్యాలెన్స్ చేసి తెచ్చినా, వదులు ఫ్లాంజ్‌కి బిగించిన క్షణంలో దానికి ఆరు రెట్లు పైగా కలుస్తోంది. బ్యాలెన్సింగ్ చేయించినా తేడా రాలేదనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది ఇదే.

క్లిప్పులు, అదే స్క్రూతో బిగించే హోస్ క్లాంపులు రెండు, అన్నిటికన్నా చవక సాధనం. ట్యూబు పినియన్ కొసలో రెండిటినీ తలలు ఎదురెదురుగా బిగిస్తే ప్రభావం సున్నా. తలలు రెండూ ఒకే వైపు కలిపి 90 డిగ్రీల చొప్పున నాలుగు చోట్ల నడిపి చూడండి. తగ్గిన వైపు దొరికాక తలల్ని మెల్లగా విడదీస్తూ కనిష్ఠాన్ని పట్టొచ్చు. ఫ్లాంజ్ తప్పిన కేంద్రాన్ని కూడా ఇది కొంతవరకు సరిచేస్తుంది, ఎందుకంటే షాఫ్ట్ కారులో ఉండగానే చేసే పని. కానీ 97 హెర్ట్జ్ అదురుకి క్లిప్పులు పైసా పనికిరావు. టన్నెల్‌కి, బ్రేకు పైపులకి తగలకుండా చోటుందో లేదో ముందే చూసుకోవాలి.

పొట్టి గేర్‌బాక్స్ వేయడం వల్ల షాఫ్ట్ పొడవైతే క్రిటికల్ వేగం (ట్యూబు విల్లులా వంగి ఊగే వేగం) కూడా లెక్కించాలి. 76 మి.మీ. వ్యాసం, 2.1 మి.మీ. గోడ ఉన్న స్టీలు ట్యూబుకి 1.5 మీటర్ల పొడవులో అది సిద్ధాంతపరంగా 5,600 ఆర్‌పీఎం, 1.8 మీటర్లలో 3,900. నడిపే గరిష్ఠం అందులో 75 శాతం దాటకూడదు. ఇంకో మెలిక: జాయింట్లు రెట్టింపు ఫ్రీక్వెన్సీలో తోస్తాయి కాబట్టి, సగం వేగం దగ్గర, అంటే 1.5 మీటర్ల షాఫ్ట్‌కి 2,800 దగ్గరే ట్యూబు మోగడం మొదలవుతుంది. పై ఉదాహరణలో 100 వేగానికి షాఫ్ట్ 2,900. కోణాలు సరిగ్గా లేని పొడవాటి షాఫ్ట్ సరిగ్గా ప్రయాణ వేగంలోనే ఎందుకు విసిగిస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. అదే వ్యాసంలో అల్యూమినియం ట్యూబు వేసినా ఈ అంకె దాదాపు మారదు. వ్యాసం పెంచాలి, లేదా మధ్య బేరింగ్ పెట్టి రెండు ముక్కలు చేయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా 48 మిగిలితే అప్పుడు బ్యాలెన్సింగ్ సర్వీసు. మంచి చోటు ఏదో వాళ్ళు అడిగే ప్రశ్నల్లోనే తెలుస్తుంది. బండి ఎంత వేగం పోతుంది, డిఫరెన్షియల్ నిష్పత్తి ఎంత, ఫ్లాంజ్ కూడా తెచ్చారా అని అడిగితే నమ్మొచ్చు. క్రాసులు కొత్తవి ముందే వేయించాలి. సర్‌క్లిప్పుల మధ్య కప్పులకి ఆట ఉంటే షాఫ్ట్ ప్రతిసారీ కొత్త చోట కూర్చుంటుంది, ఆ రోజు చేసిన బ్యాలెన్స్ మర్నాటికి ఉండదు. అడాప్టర్‌నీ, కుదిరితే పినియన్ ఫ్లాంజ్‌నీ కలిపి ఇచ్చి, ఏ బోల్టు ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టి, కలిపే బ్యాలెన్స్ చేయమనండి. వంకర ఉంటే ముందు దాన్ని తీయమనాలి, వంకర ట్యూబుకి బరువులు అంటించుకుంటూ పోవడం సరైన పని కాదు.

రిపోర్టులో ఒక్కో కొసకి గ్రాము-మిల్లీమీటర్లలో చివరి అంకెతో పాటు, బరువు అంటించక ముందున్న మొదటి అంకె కూడా రాయించుకోండి. ఆ మొదటి అంకెలు రెండూ 172 లోపే ఉన్నాయంటే షాఫ్ట్ మొదటి నుంచీ నిర్దోషి. దాన్ని బిగించే ముందే డయల్ గేజ్ మళ్ళీ తీసి, ఫ్లాంజ్ గాడి దగ్గర కొలత మొదలుపెట్టాలి.